వకీలు లేని ఐపీ

1958 జూన్ 16, సోమవారం, పొద్దున ఏడుంబావుకు కోర్టు అమీను మా ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో గడియారం లేదు. మక్తల్ నుంచి పాలమూరు పోయే మొదటి బస్సు మా ఊరి మలుపులో హారన్ కొట్టేది ఏడుంబావుకే. అది కొట్టినప్పుడు అతను గడప ముందు చెప్పులు విడుస్తున్నాడు. అందుకే గంటతో సహా రాయగలుగుతున్నాను.

అతని చేతిలోని కాగితం మా ఆయనను పట్టుకుపోవడానికి. మక్తల్ సావుకారు దగ్గర గొర్రెలు కొనడానికి తెచ్చిన అప్పు మీద డిక్రీ అయి అప్పటికి ఆరు నెలలు దాటింది. సమన్లు వచ్చిన నాడు మా ఆయన మందతో కృష్ణ ఒడ్డున ఉన్నాడు. మా తరఫున కోర్టుకు పోయినవాళ్లు ఎవరూ లేరు. వడ్డీతో కలిపి 2,064 రూపాయలు కట్టాలని తీర్పు అయింది. కట్టకపోతే సివిల్ జైలు.

అమీను చెడ్డవాడు కాదు. ఇచ్చిన మజ్జిగ తాగి, చెంబు బోర్లించి, మా ఆయన వైపు చూడకుండా నాతో చెప్పాడు. "ఎనిమిది రోజులు మనిషి దొరకలేదని రాసుకుంటనమ్మా. గీ లోపల పాలమూరు పోయి ఐపీ పెట్టుకోండ్రి. జైలు తప్పుతది."

అప్పులు తీర్చే శక్తి లేదు, ఉన్నది తీసుకుని వదిలేయండి అని కోర్టుకు పెట్టుకునే దరఖాస్తును మా వైపు ఐపీ అంటారు. మా ఊళ్లో ఆ మాట దొంగ అన్న మాటకు ఒక మెట్టు మాత్రమే పైన ఉండేది. మా ఆయన జైలుకే పోతానన్నాడు. జైలుకు పోతే మందను ఎవరు మేపుతారని అడిగాను. ఆయన లేచి దొడ్డి వైపు వెళ్లాడు.

ఆ మంద ఒకప్పుడు నూట ఇరవై. తొలకరి గడ్డి మేసిన గొర్రెలకు చిటుక రోగం వస్తుంది. పొద్దున మేస్తూ ఉన్నది మధ్యాహ్నానికి పక్కకు ఒరుగుతుంది. 1956లోనూ 57లోనూ వరుసగా రెండు తొలకర్లు అది మా దొడ్డిలోనే కూర్చుంది.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మా బాపు పాలమూరు గంజ్‌లో బస్తాలు లెక్కపెట్టే మనిషి. హమాలీ ఒక్కో బస్తా మోసుకుపోతుంటే గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు. లెక్క తప్పిన బస్తా ఆయన కూలిలో కోత పడేది. నేను నాలుగో తరగతి దాకా చదివాను, మిగతా చదువంతా ఆ గోడ దగ్గరే. కళ్లతో చూడనిది, ఎవరిదో అడగనిది లెక్కలో రాయవద్దు అనేవాడు. ఆ మాటను నేను ఒకే ఒక్కసారి తప్పాను. ఎక్కడ తప్పానో ముందు ముందు చెబుతాను.

జూన్ 19న ఇద్దరం పాలమూరు పోయి ఒక వకీలును కలిశాం. మనిషికి బస్సు చార్జీ రూపాయి తొంభై నయా పైసలు. వకీలు ఫీజు నూటయాభై అన్నాడు, యాభై ముందు, వంద తర్వాత. అతని గుమాస్తా మా అప్పులు రాసుకున్నాడు. సావుకారుకు 2,064. ఉన్ని వ్యాపారికి 350. జొన్నలు ఇచ్చిన దుకాణానికి 186.

నేను అక్కడ ఆపాను. ఉన్ని వ్యాపారి కాగితం పాతది, నిజాం కాలపు హాలీ సిక్కాలో రాసింది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్, అంటే ఇండియా సర్కారు రూపాయలు. 350 హాలీ అంటే ఇప్పటి లెక్కలో 300. యాభై ఎక్కువ రాశారని చెప్పాను. గుమాస్తా కాగితం తిప్పి చూసి, కొట్టేసి, 300 వేశాడు. వకీలు నవ్వాడు.

"ఏమమ్మా, ఇచ్చేటందుకే లేనప్పుడు గా యాభైతోని నీకేం ఫికర్?"

మా ఆయన కూడా నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. నేను లేచాను. "తప్పు దిద్దినందుకు నాకెవలూ ఫీజియ్యలె. తప్పు రాసినందుకు మీకు నూటయాభై ఎందుకియ్యాలె?" అని అడిగి మెట్లు దిగాను. నూటయాభై అంటే పది గొర్రెలు. దివాలా తీశానని చెప్పుకోవడానికి పది గొర్రెలు అమ్మాలట. అయినా అది ఫీజు ఎక్కువైన కోపం కాదు. మన దగ్గర డబ్బు లేనప్పుడు మన లెక్క సరిగ్గా ఉన్నా లేకున్నా ఒకటే అనుకునే ఆ నవ్వు మీద కోపం. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా లేదు.

జూన్ 23, సోమవారం, మళ్లీ పోయాం. కోర్టు గోడ పక్కన రేకుల నీడలో ఒక ముసలి అర్జీ రాసే ఆయన కూర్చునేవాడు. ఉర్దూలో కోర్టు నడిచిన రోజుల నుంచీ ఉన్నవాడు. అర్జీకి ఐదు, టైపుకు మూడు, స్టాంపులకు రెండుంబావు. మొత్తం పది రూపాయల ఇరవై ఐదు పైసలు. ఆ డబ్బు, బస్సు డబ్బు నా ఇత్తడి బిందె అమ్మినవి.

ఆయన ఒక్కొక్కటే అడిగాడు. భూమి ఎంత? మూడెకరాల చెలక, వాన పడితేనే పంట. ఇల్లు? మట్టి గోడలు, బోద గడ్డి కప్పు. గొర్రెలు ఎన్ని?

"నలభై మూడు," అన్నాడు మా ఆయన.

ఆయన గొర్రెకు పదిహేను చొప్పున 645 వేశాడు. భూమికి 240. ఇంటికి ఏమీ వేయలేదు. మొత్తం 885. నేను కూడి చూశాను, సరిపోయింది. అప్పులు కూడాను, 2,550, సరిపోయింది. టైపు అయి వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. అక్షరాలు నాకు రావు గాని అంకెలు వస్తాయి. 43 అన్న అంకె మీద వేలు పెట్టి చూశాను. అంతా సరిగ్గా ఉందని మా ఆయనతో ప్రమాణం మీద సంతకం పెట్టించాను.

ఆ నలభై మూడులో మావి ముప్పై రెండే. పదకొండు మా వదినెవి.

వదినె మా ఆయనకు అక్క. పిల్లలు లేరు. భర్త పోయాక 1951లో అత్తగారు ఆమె వాటాగా ఆరు గొర్రెలు ఇచ్చి పంపారు. అవి మా మందలో కలిసి మేశాయి. ఏడాదికి రెండుసార్లు కత్తిరించే ఉన్ని, పుట్టే పిల్లలు, ఇవే ఆమె బతుకు. మరి మా ఆయన నలభై మూడని ఎందుకు చెప్పాడు? మా కులంలో గొర్రెల కాపరిని ఎన్ని అని అడిగితే దొడ్డిలో పడుకున్నవన్నీ చెబుతాడు. ఇన్ని నావి, ఇన్ని మా అక్కవి అని విడదీసి బయటివాళ్లకు చెబితే ఆ ఇల్లు వేరు పడ్డట్టు. తోబుట్టువును దూరం పెట్టినట్టు. ఆయన మర్యాదగానే చెప్పాడు. నేను కూడా ఏడేళ్లుగా ఆ దొడ్డిని ఒకే మందగానే లెక్కపెడుతున్నాను. బస్తాలు లెక్కపెట్టాను గాని బస్తా ఎవరిదో అడగలేదు. నేను తప్పింది అక్కడ.

వకీలు అయితే అడిగేవాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అడిగేవాడేమో. హాలీ సిక్కా సంగతి అడగనివాడు ఇది అడిగేవాడని నమ్మకంగా చెప్పలేను. అడిగేవాడు కాదని కూడా చెప్పలేను.

ఆగస్టు 11న కోర్టు దరఖాస్తు తీసుకుంది. మా ఆయనకు జైలు తప్పింది. ఆస్తి స్వాధీనం చేసుకోవడానికి ఒక రిసీవరును వేసింది. 13వ తేదీ బుధవారం ఆ రిసీవరు ఇద్దరు మనుషులతో వచ్చాడు. కాగితం చూసి నలభై మూడు లెక్కపెట్టి తోలించాడు. హరాజు పాటలో అమ్ముడయ్యేదాకా మేపడానికి పక్క ఊరి కాపరికి అప్పగిస్తామన్నాడు. మా ఆయన పరుగెత్తి పదకొండు మావి కావని చెబితే, కాగితం ముఖానికి చూపించాడు. కింద సంతకం ఎవరిదని అడిగాడు.

వదినె దొడ్డి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మంద మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత తమ్ముణ్ణి అడిగింది.

"నావి గిట్ల ఎందుకు రాపిచ్చినవ్ తమ్మీ?"

"నేను రాపియ్యలే అక్కా. ఎన్ని అంటే చెప్పిన."

ఆ సాయంత్రం ఆమె తన కాళ్ల కడియాలు ఊడదీసి గుడ్డలో కట్టి నా ముందు పెట్టింది. జత, వెండివి, తూకం నలభై తులాలు.

"వకీలును పెట్టు పిల్లా. ఇంక నీ లెక్కలు వద్దు."

"వద్దు వదినె. వకీలు గివి తిని, పదకొండు గొర్లకు రెండేండ్లు తిప్పుతడు. తప్పు నేను చేసిన. నేనే తెస్త."

"గొర్లు నావి, కడియాలు నావి. నువ్వెవరు వద్దనేటందుకు?"

గుడ్డను ఆమె వైపు తోశాను. రాకపోతే కూలి చేసి పదకొండూ కొనిస్తానని ఒట్టు పెట్టాను. ఆమె నన్ను చూసిన చూపు నమ్మకం కాదు, కోపమూ కాదు. తర్కించి లాభం లేదని తెలుసుకున్న మనిషి చూపు. కడియాలు తిరిగి వేసుకోలేదు. గుడ్డలోనే ఉంచుకుంది.

ఆగస్టు 18న ముగ్గురం పోయాం. అదే అర్జీ రాసే ఆయన, అవే పది రూపాయల ఇరవై ఐదు పైసలు. ఈసారి అర్జీదారు వదినె, వేలిముద్ర ఆమెది. రాస్తూ రాస్తూ ఆయన కలం ఆపి, ఇది పాము తోక తొక్కడమేనని హెచ్చరించాడు. పదకొండు మావి కావంటే మొదటి ప్రమాణం అబద్ధమని మేమే ఒప్పుకున్నట్టు. ఐపీ కొట్టేస్తే మా ఆయన మళ్లీ జైలు గుమ్మంలో. "వకీలును అడిగి చెయ్యి బిడ్డా," అన్నాడు. జరిగింది జరిగినట్టు రాయమన్నాను. హరాజు సెప్టెంబరు 8కి పెట్టారు. దానికి ముందు 4వ తేదీ గురువారం మా వాయిదా.

వాయిదాకు పోయే ముందు రోజు ఇంటి వాసం నుంచి చెవుల దండ దించాను.

దాని గురించి చెప్పాలి. గొర్రెపిల్లకు నెల నిండగానే చెవి కోస్తాం. ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది. మాది ఎడమ చెవి కొస కోత. వదినె అత్తగారింటిది కుడి చెవికి రెండు గాట్లు. ఎవరిదైనా గొర్రెను మన మందలో మేపుతూ ఉంటే అది చచ్చినప్పుడు దాని గుర్తున్న చెవి కోసి యజమానికి చూపించాలి. చూపించకపోతే అమ్ముకున్నట్టే లెక్క. సొంత అక్కే అయినా మా ఆయన ఈ పద్ధతి తప్పలేదు. 1951 నుంచి చచ్చిన వదినె గొర్రెలు తొమ్మిది. తొమ్మిది కుడి చెవులు, ఉప్పు, బూడిద రాసి ఎండబెట్టి, మేక వెంట్రుకల తాడుకు గుచ్చి ఉన్నాయి. అదే మా ఇంట్లో ఆమె ఖాతా పుస్తకం.

కోర్టులో సావుకారు వకీలు లేచి, ప్రమాణం చేసి నలభై మూడన్నవాళ్లు ఇప్పుడు ముప్పై రెండంటున్నారు, రెండింట్లో ఒకటి అబద్ధం, ఆస్తి దాచే ఎత్తు అని చెప్పాడు. జడ్జి కోస్తా వైపు నుంచి వచ్చినాయన. మా ఆయనను అడిగాడు. గొర్రెలతో రోజంతా మాట్లాడే మనిషి అక్కడ ఒక్క ముక్క మాట్లాడలేకపోయాడు. నేను ముందుకు నడిచాను.

"మీరెవరు? వీళ్ల వకీలేరీ?"

"వకీలు లేడు దొరా. నేను ఆయన పెండ్లాన్ని. లెక్క సూసింది నేను. తప్పు నాది."

దండను బల్ల మీద పెట్టాను. గుమాస్తా కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు.

"ఇవేమిటమ్మా?"

"గొర్ల చెవులు దొరా. మా వదినెవి. సచ్చినవి."

జడ్జి నవ్వలేదు. కాగితం కత్తితో ఒక చెవిని తిప్పి చూశాడు. నేను గాట్లు చూపించాను. పిల్లప్పుడు కోసిన గాటు అంచు గుండ్రంగా మానుతుంది, వెంట్రుక మొలుస్తుంది. నిన్న కోసిన గాటు అట్లా ఉండదు. ఏడేళ్ల కింద దావా లేదు, డిక్రీ లేదు. ఇవాళ ఆస్తి దాచడానికి అప్పుడే చెవులు కోసి పెట్టుకున్నామా అని అడిగాను. మందను తెప్పించి చూడమన్నాను. రెండు గాట్ల కుడి చెవి ఉన్నవి పదకొండు ఉంటాయి, ఒకటి తక్కువైనా మా ఆయనను జైల్లో పెట్టమన్నాను. ఆ మాట అన్నప్పుడు మా ఆయన నన్ను చూశాడు. నేను ఆయనను అడిగి అన్న మాట కాదది.

రిసీవరు 15వ తేదీ మందను చూసి చెప్పాలని, అందాకా హరాజు ఆపమని జడ్జి రాశాడు.

15వ తేదీ సోమవారం మా ఆయనా నేనూ పక్క ఊరి దొడ్డికి నడిచిపోయాం. రిసీవరు చెక్క కుర్చీలో కూర్చున్నాడు. కాపరి ఒక్కొక్క గొర్రెను తలుపులోంచి వదిలాడు. నేను బొగ్గు తీసుకుని గోడ మీద గీతలు గీశాను. ఎడమ చెవి కొస కోత, ముప్పై రెండు. కుడి చెవికి రెండు గాట్లు, ఏడు.

నాలుగు ఏవని అడిగితే రోగం వచ్చి చచ్చాయన్నాడు కాపరి.

"సస్తే చెవులేవి?"

"ఏం చెవులు?"

"నువ్వు గొల్లోనివా, ఇంకేమన్ననా? సచ్చిన గొర్రె చెవి ఎవలికి చూపిచ్చినవ్?"

అతను రిసీవరు వైపు చూశాడు. రిసీవరు నలుగురు సాక్షుల ముందు చచ్చినవి నాలుగు అని రాసుకున్నాడు. మా ముప్పై రెండింటిలో ఒక్కటీ చావలేదు. కాగితం మీద ఎవరివో తేలనివి పదకొండు, వాటిలోనే నాలుగు చచ్చాయి. ఆ రోగానికి చెవులు చూడటం వచ్చినట్టుంది. అదే మాట గట్టిగా అన్నాను. అది కూడా రాయమన్నాను. రాయలేదు.

సెప్టెంబరు 25న తీర్పు. తప్పు మోసం కాదు, కాపరుల అలవాటు వల్ల జరిగిందని జడ్జి ఒప్పుకున్నాడు. ఐపీ నిలిచింది. ఉన్న ఏడు గొర్రెలు వదినెకు ఇవ్వాలి. నాలుగు చావు కింద పోయాయి. వాటి కోసం ఇంకో దావా వేసుకోవచ్చన్నారు. దానికి వకీలు కావాలన్నారు.

ఆ ఏడింటినీ నేనే తోలుకొచ్చాను. వదినె దొడ్డి దగ్గరికి వచ్చి ఒక్కో చెవీ పట్టి చూసుకుంది. కూలి చేసి మిగిలిన నాలుగు కొనిస్తానని చెప్పాను.

"నాలుగు గొర్లు పోయినందుకు కాదు పిల్లా," అంది. "నావాటి మీద నా మాట నడవలె. నీ లెక్క గెలవాలని నా గొర్లను పందెం పెట్టినవ్."

ఏడింటినీ అక్కడి నుంచే తన పెద్దమ్మ కొడుకు మందకు తోలించుకుంది. నేను వాదించలేదు. వాదించడానికి నా దగ్గర ఉన్నవన్నీ అంకెలే.

తర్వాత మేము నందికొండ ఆనకట్ట పనికి రాళ్లు మోయడానికి పోయాం. అప్పుల నుంచి విడుదల ఉత్తర్వు వచ్చేదాకా ఏం కొన్నా రిసీవరుదే కనుక రెండేళ్లు ఒక్క గొర్రె కొనలేదు. అయితే ఆ ఉత్తర్వు దానంతట అది రాదు, గడువులోగా మళ్లీ అడగాలి. అడగక ఎంతోమంది మళ్లీ అప్పులోనే పడ్డారని అర్జీ రాసే ఆయన ముందే చెప్పి ఉన్నాడు. 1960 జూన్ 20, సోమవారం, పోయి అడిగాను. అర్జీకి, టైపుకు, స్టాంపులకు కూడా ఆయన డబ్బు తీసుకోలేదు. ఉత్తర్వు వచ్చింది. నందికొండ కూలితో నాలుగు గొర్రెలు కొని కుడి చెవికి రెండు గాట్లు పెట్టించి వదినెకు పంపాను. ఉంచుకుంది. అవి కూడా పెద్దమ్మ కొడుకు మందలోనే మేశాయి.

ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, ఐపీ పెట్టాలంటే వకీలు కావాలా అని. కావాలనీ చెప్పను, వద్దనీ చెప్పను. మీ దొడ్డిలో మీవి కానివి ఏమున్నాయో ముందు వాటి యజమానిని అడిగి రమ్మంటాను. అది అడగడానికి ఫీజు లేదు. నా మట్టుకు నేను ఆ వకీలు మెట్లు మళ్లీ దిగమన్నా దిగుతాను. కడియాల గుడ్డను మాత్రం ఆమె వైపు తోయను.

లెక్క ఇది.

మా గొర్రెలు ముప్పై రెండు, హరాజులో 416 రూపాయలు. చెలక మూడెకరాలు, 225. రెండూ పోయాయి. ఖర్చులు పోగా అప్పులవాళ్లకు పంచింది 600, రూపాయికి ఇరవై మూడున్నర పైసలు. ఉన్ని వ్యాపారి లెక్కలో నేను దిద్దిన యాభై వల్ల మాకు మిగిలింది ఏమీ లేదు. వకీలు ఆ మాట సరిగ్గానే చెప్పాడు.

ఇత్తడి బిందె, ఒకటి.

బస్సు టికెట్లు ముప్పై రెండు, 60 రూపాయల 80 పైసలు. అర్జీలు, టైపు, స్టాంపులు, 20 రూపాయల 50.

నా తప్పు దిద్దుకోవడానికి అయింది: రెండో అర్జీ 10.25, దాని కోసం తిరిగిన టికెట్లు పదహారు 30.40, నాలుగు గొర్రెలు 60. మొత్తం 100 రూపాయల 65 పైసలు. వకీలు ఫీజు 150. నా వైపు మిగులు 49 రూపాయల 35 పైసలు.

వదినె కడియాలు, జత, అమ్మలేదు.

మా మందలో వదినె గొర్రెలు, పదకొండు ఉండేవి. తర్వాత ఒక్కటీ లేదు.